వాటా ఇచ్చినవాడే దాత

మద్యం వ్యాపారి దానధర్మాల మాట ఎప్పుడొచ్చినా మన దగ్గర వాదన ఒకే దారిన నడుస్తుంది. ఆస్పత్రి కట్టించాడు కాబట్టి మహానుభావుడని ఒకరంటారు. ఎన్ని కట్టించినా పాపపు సొమ్మేనని మరొకరంటారు. ఇద్దరూ ఎంతిచ్చాడనే లెక్కపెడతారు తప్ప, లాభంలోంచి కొంత తీసిచ్చాడా, లాభం పుట్టే సంస్థనే ఇచ్చేశాడా అని అడగరు. మన కంపెనీల చట్టమూ అడగదు. మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం ఖర్చుపెడితే సామాజిక బాధ్యత తీరిపోయినట్టే లెక్క. దీన్ని దాతృత్వం అనడం నాకు సమ్మతం కాదు. చట్టం కట్టమన్నది కట్టడం దానమెలా అవుతుంది?

డెన్మార్క్‌లో జె.సి. జాకబ్‌సన్ అనే బీరు వ్యాపారి ఉండేవాడు. తండ్రిదీ అదే వృత్తి. 1845లో మ్యూనిక్ నుంచి మేలైన ఈస్ట్‌ను డబ్బాల్లో కోపెన్‌హాగెన్‌కు తెచ్చుకున్నాడు. అది పాడవకుండా బండి ఆగినచోటల్లా డబ్బాల మీద చన్నీళ్లు పోశాడు. 1847లో బ్రూవరీ మొదలుపెట్టి, కొడుకు కార్ల్ పేరు కలిపి కార్ల్స్‌బర్గ్ అన్నాడు. 1875లో ప్రయోగశాల పెట్టి, అక్కడ తేలినదేదీ రహస్యంగా ఉంచకూడదని నియమం రాశాడు. 1883లో అక్కడి శాస్త్రవేత్త హాన్సెన్ శుద్ధమైన ఈస్ట్‌ను వేరుచేసే పద్ధతి కనిపెడితే, అది పోటీదారులకూ అందింది. ఆహారంలో ప్రొటీన్ లెక్కకట్టడానికి నేటికీ వాడే జెల్డాల్ పద్ధతి అక్కడిదే. మన రైతు భూసార పరీక్ష కార్డు మీద కనిపించే పీహెచ్ కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ రూపొందించిందీ అక్కడే.

ఇంతకన్నా పెద్ద సంగతి యాజమాన్యానిది. 1876లో జాకబ్‌సన్ ఫౌండేషన్ స్థాపించి, దాన్ని నడిపేవారిని ఎన్నుకునే అధికారం రాయల్ డానిష్ శాస్త్ర అకాడమీకి అప్పగించాడు. 1887లో ఆయన పోయాక బ్రూవరీ మొత్తం వీలునామా ప్రకారం ఆ ఫౌండేషన్‌కే చెందింది. తర్వాతి కాలంలో కంపెనీ పెరిగి బయటి వాటాదారులు వచ్చినా, 51 శాతం ఫౌండేషన్ దగ్గరే ఉండాలన్నది నిబంధన. 2007లో విస్తరణ కోసం మూలధన వాటా తగ్గించుకునే వీలు కల్పించుకున్నారు గానీ, ఓట్లలో 51 శాతాన్ని మాత్రం వదులుకోలేదు.

కొడుకు మీద కోపంతో రాసిచ్చాడని కొట్టిపారేసేవాళ్లున్నారు. తండ్రీకొడుకుల మధ్య తగువు నిజమే. కొడుకు పక్కనే సొంత బ్రూవరీ కూడా పెట్టాడు. కానీ 1886లో ఇద్దరూ రాజీపడ్డాక కూడా ఆస్తి ఫౌండేషన్‌కే వెళ్లింది. పైగా ఆ కొడుకే 1902లో తన బ్రూవరీని అదే ఫౌండేషన్‌కు ఇచ్చేశాడు. కోపెన్‌హాగెన్ రేవులో అతను చేయించిన మత్స్యకన్య బొమ్మ పక్కన ఫొటోలు దిగేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరు?

బీరు చేసే చేటు దీంతో చెరిగిపోదు. దూబగుంట సారా వ్యతిరేక ఉద్యమాన్ని చూసిన మనకు అది ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అయితే సంస్థనే ఇచ్చేసినవాణ్ణీ లాభంలో 2 శాతం విదిల్చినవాణ్ణీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

మన చట్టం మరీ విడ్డూరం. ఎవరైనా తన కంపెనీలో 51 శాతం వాటాను ధర్మసంస్థకు రాసిస్తానంటే ఆదాయపు పన్ను చట్టం అడ్డుపడుతుంది. అలా వచ్చిన వాటాలను గడువులోగా అమ్మేయకపోతే ట్రస్టుకు పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది. 1973 జూన్ 1 నాటికే మూలనిధిలో ఉన్న వాటాలకు మాత్రం సడలింపు ఉంది. ట్రస్టుల ముసుగులో కుటుంబాలు పన్ను ఎగ్గొట్టి పెత్తనం చేస్తాయన్న భయంతో ఈ కట్టడి తెచ్చారు. ఆ భయానికి ఆధారముంది. అయితే దానికి మందు వాటాలు అమ్మించడం కాదు, ట్రస్టు కుర్చీల్లోంచి కుటుంబాన్ని లేపడం. 1876లోనే ఒక బీరు వ్యాపారికి తట్టిన ఈ ఉపాయం మన ఆర్థిక శాఖకు ఇన్ని బడ్జెట్లు గడిచినా తట్టలేదు!

కుటుంబ సభ్యులు లేకుండా, విశ్వవిద్యాలయాలో శాస్త్ర సంస్థలో ఎన్నుకున్న ధర్మకర్తలతో నడిచే ట్రస్టుకు 51 శాతం వాటా శాశ్వతంగా ఉంచుకునే హక్కివ్వాలి. ఆ సవరణ వచ్చాక ఏ డిస్టిలరీ యజమాని దాతనని చెప్పుకున్నా, వాటాదారుల పట్టిక తెచ్చి చూపమని అడుగుదాం. అందులో ట్రస్టు పేరు లేకపోతే సన్మాన సభకు వెళ్లొద్దు, పేపర్లో ఫొటో వేయొద్దు, బస్ షెల్టర్ మీద పేరు రాయనివ్వొద్దు.