చేర్పించి వస్తే సరిపోదు

ఇంటర్ ఫలితాలు వెలువడిన నాటి నుంచి సీటు దొరికే దాకా మన ఇళ్ళలో జరిగే హైరానా అంతా ఇంతా కాదు. ఈఏపీసెట్ ర్యాంకు, కౌన్సెలింగు, కుల ధృవీకరణ పత్రం, ఆదాయ ధృవీకరణ పత్రం అంటూ తండ్రి చెప్పులరిగేలా తిరుగుతాడు. తల్లి ప్రతి నమాజు తర్వాత చేతులెత్తి దుఆ చేస్తుంది. ఎట్టకేలకు సీటు వస్తుంది. పెట్టె, పరుపు, ఊరగాయ డబ్బా సర్దుకుని తండ్రీ కొడుకులు బస్సెక్కుతారు. హాస్టల్ గదిలో సామాను దించి, చేతిలో నాలుగు నోట్లు పెట్టి, "బాగా చదువుకో బేటా" అని తండ్రి సాయంత్రం బస్సుకి తిరిగి వస్తాడు. తన బాధ్యత తీరిందని ఆ రాత్రి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంటాడు.

నిజానికి ఆ బాధ్యతలో కష్టమైన భాగం అప్పుడే మొదలవుతుంది. ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు. తెలియకపోవడం మన తప్పు కూడా కాదు. మనం ఆ గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళం కాము. మన ఇళ్ళలో యూనివర్సిటీ మెట్లెక్కుతున్న మొదటి తరం ఇదే.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఒక చేదు నిజాన్ని మన ముందుంచింది. దేశంలో పేరున్న కాలేజీలలో డిగ్రీ చదివేవారిలో 25 మందికి ఒకరు, పి.జి. చదివేవారిలో 50 మందికి ఒకరు మాత్రమే ముస్లింలని ఆ నివేదిక చెప్పింది. 2001 జనాభా లెక్కల ప్రకారం దేశంలో మన వాటా 13.4 శాతం. అంటే మెట్టు ఎక్కేకొద్దీ మనవాళ్ళు పలచబడుతున్నారన్నమాట. తర్వాత 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు మన రాష్ట్రంలో 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. దానికి ఫీజు రీయింబర్స్‌మెంటు తోడయింది. మెకానిక్కుల పిల్లలు, దర్జీల పిల్లలు, పండ్ల బండ్లవాళ్ళ పిల్లలు ఇంజనీరింగు కాలేజీల తలుపు తట్టగలిగారు. ఇది సంతోషించాల్సిన విషయమే. అయితే తలుపు తెరుచుకోవడం వేరు, లోపల నిలదొక్కుకోవడం వేరు. సీటు ప్రభుత్వం ఇవ్వగలదు. నిలదొక్కుకునే ధైర్యం మాత్రం ఇంటి నుంచే రావాలి.

ఒక తండ్రి, ఒక కొడుకు

నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం వుంది. తండ్రి లారీ మెకానిక్కు. కొడుకు ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాడు. మంచి మార్కులే వచ్చాయి. నగరంలో ఇంజనీరింగు సీటు దొరికింది. బజారంతా మిఠాయిలు పంచారు. మొదటి వారంలోనే కుర్రవాడు ఫోన్ చేసి, "అబ్బా, క్లాసులో ఏం చెబుతున్నారో అర్థం కావడం లేదు" అన్నాడు. తండ్రికి గుండె గుభేలుమంది. ఆ భయం కోపమై బయటికి వచ్చింది. "నేను లారీల కింద పడుకుని సంపాదిస్తున్న డబ్బురా అది. అర్థం కావడం లేదంటే ఎలా?" అన్నాడు.

ఆ తర్వాత కొడుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎప్పుడు అడిగినా "బాగానే వుంది అబ్బా" అనేవాడు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. ఇంట్లో చెప్పలేదు. సిగ్గుతో క్లాసులకు వెళ్ళడం తగ్గించాడు. హాజరు పడిపోయింది. రెండో ఏడాదిలో డిటెయిన్ చేశామంటూ కాలేజీ నుంచి ఉత్తరం వచ్చాక గాని తండ్రికి విషయం తెలియలేదు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆయన నా దగ్గరకు వచ్చాడు. "వాడు నాతో ఒక్క మాట చెప్పి వుంటే ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా భాయ్" అంటూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తర్వాత కుర్రవాణ్ణి విడిగా కూర్చోబెట్టి అడిగాను. "మొదటి వారంలోనే చెప్పాను చాచా. ఆ రోజు అబ్బా వినలేదు" అన్నాడు.

ఇందులో దుర్మార్గులెవరూ లేరు. తండ్రి ప్రేమ నిజం, కొడుకు కష్టమూ నిజం. ఒక్క ఫోన్ కాల్‌లో మూసుకున్న తలుపు ఏడాదిన్నర దాకా తెరుచుకోలేదు, అంతే. కుర్రవాడికి ఒక సంవత్సరం పోయింది. తన జూనియర్లతో కలిసి మళ్ళీ చదివి గట్టెక్కాడు. అందరికీ ఆ అదృష్టం వుండదు. కొందరు మధ్యలోనే పెట్టె సర్దుకుని ఇంటికి వచ్చేస్తారు. ఇంకొందరు అంతకంటే ఘోరమైన నిర్ణయాలు తీసుకుంటారు. అలాంటి వార్తలు పత్రికలలో చదివి నిట్టూర్చడం కంటే, ఆ పరిస్థితి మన ఇంటి దాకా రాకుండా చూసుకోవడం మేలు.

నా అభిప్రాయం ఒక్కటే. తల్లిదండ్రులు పిల్లలకు ఇవ్వగలిగిన అన్నిటికంటే పెద్ద సాయం డబ్బు కాదు. చెడ్డ కబురును భయపడకుండా ముందుగా ఇంట్లోనే చెప్పుకోగలిగిన వాతావరణం. అది వున్న ఇంట్లో మిగతా సమస్యలన్నిటికీ దారి దొరుకుతుంది. అది లేని ఇంట్లో ఎంత డబ్బు పంపినా ప్రయోజనం లేదు.

ఆడపిల్లల విషయంలో

ఈ మాట ఆడపిల్లల విషయంలో మరీ నిజం. హాస్టల్‌లో వున్న మన అమ్మాయికి దారిలో ఎవడో ఆకతాయి వెంటపడుతున్నాడనుకోండి. ఆమె అమ్మీకి చెప్పాలా వద్దా అని పదిసార్లు ఆలోచిస్తుంది. ఆమె భయం ఆ ఆకతాయి గురించి మాత్రమే కాదు. చెబితే చదువు మాన్పించి తీసుకుపోతారేమో, దొరికిన సంబంధం చేసేస్తారేమో అని భయం. నిజం చెప్పినందుకు శిక్ష తనకే పడుతుందని తెలిసిన పిల్ల నోరెందుకు విప్పుతుంది? కనుక అమ్మాయిని హాస్టల్‌లో దించి వచ్చే రోజునే తల్లిదండ్రులిద్దరూ స్పష్టంగా ఒక మాట ఇవ్వాలి. "నీకు ఏ కష్టం వచ్చినా మాకు చెప్పు. చెప్పినందుకు నీ చదువు ఆపము" అనాలి. ఆ మాట మీద నిలబడాలి. సంబంధాలు చూసే పెద్దలకు కూడా చదువు పూర్తయ్యాకే మాట్లాడదామని ముందే చెప్పి పెట్టాలి. మొదటి సంవత్సరంలో అమ్మాయి మనసు పుస్తకం మీద వుండాలంటే ఇంటి వైపు నుంచి ఆ భరోసా వుండాలి.

"ఇలా వదిలేస్తే పిల్లలు చెడిపోరా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. కాని నేను వదిలేయమనడం లేదు. రోజుకు పదిసార్లు ఫోన్ చేసి "ఎక్కడున్నావు, ఎవరితో వున్నావు" అని నిలదీసే తండ్రికి తెలిసేది పిల్లలు చెప్పదలచుకున్నంతే. వారానికి రెండుసార్లు ఓపికగా వినే తండ్రికి మిగతాది కూడా తెలుస్తుంది. అదుపు కావాలన్నా ముందు నిజం తెలియాలి కదా.

తెలుసుకోవలసిన సంగతులు

చదువుకోని తల్లిదండ్రులు సైతం కొన్ని విషయాలు తెలుసుకుని వుండాలి. మొదటిది హాజరు. జె.ఎన్.టి.యు. అనుబంధ ఇంజనీరింగు కాలేజీలలో పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు వుండాలి. అనారోగ్యం వంటి కారణాలుంటే 65 శాతం దాకా రుసుము కట్టించుకుని మినహాయింపు ఇస్తారు. అంతకంటే తగ్గితే ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాల్సిందే. సెమిస్టర్‌కు 90 పనిదినాలనుకుంటే పిల్లవాడు మానగలిగినవి 22 రోజులే. మరి మనమేం చేస్తున్నాం? చిన్నాన్న కూతురి పెళ్ళికి రమ్మంటాం. సాంచక్, నికాహ్, వలీమా, చౌతీ అంటూ వారం రోజులు అట్టే పెట్టుకుంటాం. అలాంటి పెళ్ళిళ్ళు రెండు జరిగాయంటే 22 రోజులలో సగానికి పైగా హరించుకుపోయినట్లే. ఇక జ్వరమొస్తే మిగిలేదేమిటి? నికాహ్ రోజున వచ్చి దీవించి మర్నాడు వెళ్ళిపోతే బంధువులెవరూ తప్పు పట్టరు. పట్టినా, వారికి సర్దిచెప్పవలసింది మనమే.

రెండోది భాష. తెలుగు మీడియం, ఉర్దూ మీడియం పిల్లలకు మొదటి మూడు నెలలు ఇంగ్లీషు పాఠాలు కొండలా కనిపిస్తాయి. ఇది తెలివి తక్కువతనం కాదు. చెవికి అలవాటు పడడానికి సమయం పడుతుంది. సిగ్గుపడకుండా లెక్చరర్‌ను అడగమని, సీనియర్ల దగ్గర కూర్చుని రాసుకోమని ప్రోత్సహించాలి. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ వుంది. ఒక సబ్జెక్టు పోయిందని పిల్లవాణ్ణి పోగొట్టుకోకూడదు.

మూడోది ర్యాగింగు. మన రాష్ట్రంలో 1997లోనే దీనిని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 2009లో యు.జి.సి. దేశమంతటికీ నిబంధనలు చేసింది. కాలేజీలో చేరేటప్పుడు విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ రాసి ఇవ్వవలసిన ప్రమాణపత్రం ఆ నిబంధనలలోదే. దానిమీద చదవకుండా సంతకం పెట్టకండి, చదివించుకుని పెట్టండి. 1800-180-5522 అనే ఉచిత ఫోన్ నంబరుకు రాత్రింబవళ్ళు ఎప్పుడైనా ఫిర్యాదు చేయవచ్చు. అలాగే మనసు కుంగిపోయినప్పుడు మాట్లాడడానికి 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ వుంది. నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనసు బాగోలేదని చెప్పుకోవడం ఈమాన్ లోపం కాదు. జ్వరానికి డాక్టరు దగ్గరకు వెళ్ళినట్లే దీనికీ వెళ్ళాలి.

నాలుగోది డబ్బు. నెలకు ఇంత పంపగలమని ముందే లెక్క చెప్పండి. అప్పు చేశారా, అదీ చెప్పండి. దాస్తే పిల్లలు మన స్తోమతను తప్పుగా అంచనా వేస్తారు. అయితే చెప్పడం వేరు, దెప్పడం వేరు. ప్రతి ఫోన్‌లోనూ "నీకోసం ఇంత ఖర్చు పెడుతున్నాం" అని గుర్తుచేస్తే, పిల్లవాడు ఆకలేసినా డబ్బు అడగడు, పాఠం అర్థం కాకపోయినా నోరెత్తడు.

ఐదోది స్వయంగా వెళ్ళడం. చేరిన నెల రోజులలోపు ఒక్కసారి తల్లిదండ్రులిద్దరూ వెళ్ళి రండి. హాస్టల్ అన్నం తిని చూడండి. గదిలో వుండే స్నేహితులను, వారు ఏ మతం వారైనా, పేరు పెట్టి పలకరించండి. దగ్గరలో జుమా నమాజు ఎక్కడ జరుగుతుందో, రమజాన్‌లో సహరీకి ఏం ఏర్పాటు వుందో పిల్లవాడితో కలిసి కనుక్కోండి. క్లాసు టీచరుకు సలాం చెప్పి, మీ ఫోన్ నంబరు ఇచ్చి రండి. "మాకు చదువు రాదు, మేమేం మాట్లాడతాం" అని జంకకండి. కన్నవారు వచ్చి అడిగారంటే ఆ పిల్లవాడిపై ఉపాధ్యాయుల దృష్టి తప్పక పడుతుంది.

తల్లి చదువుకోకపోయినా

దివ్యఖురాన్ అవతరణ చదవమన్న ఆజ్ఞతోనే ప్రారంభమయిందని మన పిల్లలకు చిన్నప్పటి నుంచే చెబుతాం. ఆ ఆజ్ఞను నెరవేర్చే బిడ్డ వెనుక ఒక తల్లి ఎలా నిలబడాలో ఇమామ్ షాఫయీ జీవితం చెబుతుంది. ఆయన 767లో గాజాలో జన్మించారు. పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. ఆ పేద వితంతువు బిడ్డను చంకనేసుకుని మక్కా చేరింది. గురువుకు రుసుము ఇవ్వడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. కాగితం కొనలేక ఆ కుర్రవాడు ఎముకలపై పాఠాలు రాసుకునేవాడని చరిత్రకారులు చెబుతారు. పెద్దయ్యాక ఆయన చదువు కోసం మదీనా వెళ్ళి ఇమామ్ మాలిక్ దగ్గర శిష్యరికం చేశారు. ఆ తల్లి దగ్గర ధనం లేదు. బిడ్డ వెనుక నిలబడే ఓర్పు మాత్రం వుంది. అది ఈనాటి ఏ తల్లికైనా సాధ్యమే.

చివరిగా మన మస్జిద్ కమిటీల పెద్దలకు ఒక విన్నపం. మన మొహల్లా నుంచి ఏ పిల్లలు ఏ కాలేజీలో చదువుతున్నారో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. కొత్తగా చేరే పిల్లవాడికి అక్కడే చదువుతున్న మనూరి సీనియర్ ఫోన్ నంబరు ఇవ్వండి. ఆడపిల్లలకు మనూరి అమ్మాయిల నంబర్లు వారి అనుమతితో అందేలా చూడండి. దీనికి చందాలు అక్కర్లేదు, ఒక నోటుపుస్తకం చాలు. తెలియని ఊళ్ళో తెలిసిన గొంతు ఒక్కటి వినిపిస్తే పిల్లవాడికి కొండంత బలం.

ఈ రోజు జుమా నమాజు ముగించుకుని ఇంటికి వెళ్ళాక మీ అబ్బాయికో, అమ్మాయికో ఫోన్ చేయండి. మార్కులు అడగకండి. డబ్బు ప్రస్తావన తేకండి. "ఈ వారం నీకు కష్టమనిపించింది ఏమిటి?" అని అడిగి, చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకుండా వినండి. మొదటిసారి "ఏమీ లేదు" అనే అంటారు. వచ్చే శుక్రవారం మళ్ళీ అడగండి.