నిప్పురవ్వ కోసం ఎదురుచూసేవారికి

మన సభల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తోంది. “రైతుల్లో ఇంకా చైతన్యం రాలేదు. ఏదో ఒకరోజు నిప్పురవ్వ పడుతుంది, అప్పుడు అంతా అదే అంటుకుంటుంది” అని. ఈ మాటకు చప్పట్లు బాగానే పడుతున్నాయి. కానీ ఇది పని చేయనివాళ్లు చెప్పుకునే సాకు అని మేము అంటున్నాం.

1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపుగా వెళ్తున్న జనం మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అమరుడయ్యాడు. కొద్ది వారాల్లోనే వందల ఊళ్లు కదిలాయి. వెట్టి చెయ్యం పొమ్మన్నాయి. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి నిప్పురవ్వ అదేనని అందరూ రాస్తారు. మేమూ కాదనం.

అయితే ఆ దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో చనిపోయింది కొమరయ్య ఒక్కడేనా? అంతకు కొన్నేళ్ల ముందే కామారెడ్డిగూడెంలో షేక్ బందగీని చంపారు. తన భూమి కోసం బందగీ కోర్టుల చుట్టూ తిరిగి, దొర మీద కేసు గెలిచాడు. గెలిచినందుకే ప్రాణం తీశారు. జనం కడుపులో పెట్టుకున్నారు, ఆయన సమాధికి ఇప్పటికీ దండం పెట్టుకుంటారు. కానీ ఆరోజు ఊళ్లు లేవలేదు. అదే దొర, అదే వెట్టి, అదే నెత్తురు. మరి ఎందుకు లేవలేదు?

అప్పటికి పల్లెలో సంఘం లేదు కాబట్టి. 1944 భువనగిరి సభ తర్వాతే ఆంధ్ర మహాసభ పేద రైతుల్లోకి, కూలీల్లోకి పాకింది. సభ్యత్వ రుసుము తగ్గించారు. జనం దాన్ని ‘సంఘం’ అనే పిలుచుకున్నారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు చేను కోసుకుపోవడానికి దొర తన మనుషుల్ని పంపితే, సంఘం కార్యకర్తలు కర్రలు పట్టుకుని అడ్డం నిలిచారు. పంట కోసి ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. దొర మాట చెల్లకపోవడం జనం కళ్లారా చూసింది అప్పుడు. మమ్మల్నడిగితే విప్లవం ఆ చేలోనే మొదలైందంటాం. కొమరయ్య పడిపోయేనాటికి, ఎవరి తలుపు తట్టాలో ప్రతి ఊరికీ తెలుసు.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. ఐలమ్మ కౌలుదారు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు అమలైన రోజుల్లో ఆమే ఉండి ఉంటే, ఆ సొమ్ము పట్టాదారు ఖాతాలోనే పడేది. ఆంధ్రలో 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆయన పెడితేనే కార్డు! దేశ్‌ముఖ్ అనుమతితో దేశ్‌ముఖ్ మీద కొట్లాడమన్నట్టుంది.

ఇంత ఎండుగడ్డి పేరుకుని ఉంటే మనమేం చేస్తున్నాం? కౌలు రైతు ఉరేసుకున్నాక శవం దగ్గరికి వెళ్తున్నాం. కలెక్టరేట్ ముందు టెంట్ వేస్తున్నాం, ఫొటో దిగి వస్తున్నాం. ఆయన బతికున్నప్పుడు, వడ్డీ వ్యాపారి గుమ్మంలో నిలబడ్డప్పుడు, మన శాఖలో ఎవరికైనా ఆయన పేరు తెలుసా? చాలా శాఖల్లో తెలియదు. ఈ తప్పులో రాష్ట్ర కమిటీకీ వాటా ఉంది.

వానాకాలం విత్తనాలు పడేలోపు ప్రతి శాఖా తన ఊరి కౌలుదార్ల జాబితా ఇల్లిల్లూ తిరిగి రాయాలి. ఎన్ని ఎకరాలు, కౌలు ఎంత, అప్పు ఎవరి దగ్గర, కార్డు అడిగితే యజమాని ఏమన్నాడు, అన్నీ ఆ జాబితాలో ఉండాలి. ఒక ప్రతి శాఖ దగ్గర ఉంచుకుని, ఇంకోటి జిల్లా ఆఫీసుకు పంపండి.