కాలిన మోటారుకు వైండింగా, కొత్త మోటారా?

లేత్ మీద మోటారు కాలిపోతే షెడ్డు యజమాని మెకానిక్‌ను అడిగే మొదటి ప్రశ్న "వైండింగ్‌కు ఎంతవుతుంది?" రెండోది "రేపటికి ఇస్తావా?" విజయవాడ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్, కోయంబత్తూరు, రాజ్‌కోట్, లూథియానా... చిన్న కార్ఖానాలు ఉన్న ఏ ఊళ్లో అయినా మాట ఇదే. యంత్రం ఆగితే ఆ రోజు కూలీ దండగ, ఆర్డరు ఆలస్యం. కాబట్టి ఆ రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. కానీ వాటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది: ఈ మోటారు ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది?

విద్యుత్ పొదుపు ప్రచారాలు "పాతది తీసేయండి, కొత్తది పెట్టండి" అంటాయి. పాత మెకానిక్‌లు "ఆనాటి మోటారు బలం ఇప్పటి వాటిలో ఎక్కడుంది, వైండింగ్ చేయించుకోండి" అంటారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఏది ఎవరికి వర్తిస్తుందో తేల్చేది మోటారు వయసు కాదు, అది తిరిగే గంటలు. ఈ చిన్న లెక్క షెడ్డుల దాకా చేరలేదన్నది, వైండింగ్ షాపులను మన విధానాలు గాలికి వదిలేశాయన్నది నా అభిప్రాయం.

నిజంగా కాలిందా?

ఆగిపోయిన మోటారు అంతా కాలిపోయిన మోటారు కాదు. సింగిల్ ఫేజ్ మోటారు మూలుగుతూ తిరగకపోతే ముందు కెపాసిటర్‌ను, లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్‌ను అనుమానించాలి. రెండూ చవకగా మారేవే. మోటారు గరగరమంటే, షాఫ్ట్ చేత్తో కదిపితే ఆడితే బేరింగులు చూడాలి. మూడు ఫేజుల మోటారు అయితే ఫ్యూజు, స్టార్టర్ కాంటాక్టులు, టెర్మినల్ బిగింపులు చూడాలి. ఇవన్నీ సరిగా ఉండి, 500 వోల్టుల మెగ్గర్ పెట్టినప్పుడు వైండింగ్‌కూ బాడీకీ మధ్య ఇన్సులేషన్ దెబ్బతిన్నట్టు చూపితేనో, మూడు ఫేజుల వైండింగ్ రెసిస్టెన్స్‌లు ఒకదానితో ఒకటి సరిపోలకపోతేనో అప్పుడు వైండింగ్ మాట.

అసలు ఎందుకు కాలిందో కూడా తెలుసుకోవాలి. లేకపోతే కొత్త మోటారు కూడా అదే దారి పడుతుంది. వైండింగ్ మీది ఇన్సులేషన్ వేడికి ముసలిదవుతుంది. అది తట్టుకునే ఉష్ణోగ్రత కంటే ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్లు చాలాకాలంగా వాడుతున్న సూత్రం. మూడు ఫేజుల వోల్టేజీల మధ్య 3.5 శాతం తేడా ఉంటే చాలు, వైండింగ్ వేడి పెరుగుదల దాదాపు 25 శాతం ఎక్కువవుతుంది. తిరుగుతుండగా ఒక ఫేజు పూర్తిగా పోతే, మిగిలిన రెండు ఫేజుల మీద భారమంతా పడి కొద్ది నిమిషాల్లోనే మోటారు మాడిపోవచ్చు. మోటారు ఆంపియర్లకు సరిగ్గా సెట్ చేసిన ఓవర్‌లోడ్ రిలే, ఒక ఫేజు పోతే ఆపేసే రక్షణ పరికరం ఖరీదు ఒక వైండింగ్ ఖర్చుకంటే తక్కువ. రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాని సెట్టింగ్ పెంచేసే అలవాటు మాత్రం చాలా ఖరీదైనది.

గంటల లెక్క

ఒక 5 హెచ్‌పీ, అంటే 3.7 కిలోవాట్ల మోటారును తీసుకుందాం. తీసుకున్న కరెంటులో ఎంత భాగం పనిగా మారుతుందో దాన్ని దక్షత అంటాం. ఈ పరిమాణంలో నాలుగు పోళ్ల ఐఈ-3 మోటారుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 12615 చెప్పే దక్షత 88.4 శాతం. చాలా ఏళ్లు తిరిగి, ఒకటి రెండుసార్లు వైండింగ్ అయిన పాత మోటారుకు 80 శాతం అనుకుందాం. కొత్త మోటారు 18,000 రూపాయలు, వైండింగ్ 5,000 రూపాయలు, కరెంటు యూనిట్ 8 రూపాయలు అనుకుందాం. ఈ ధరలు ఊరిని బట్టి మారతాయి. మీ అంకెలు మీరు వేసుకోవచ్చు.

ఇది పిండి మర మీదో, ఎయిర్ కంప్రెసర్ మీదో ఉండి, 2.8 కిలోవాట్ల పని చేస్తూ రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు తిరుగుతోందనుకోండి. పాత మోటారు 3.5 కిలోవాట్లు లాగుతుంది, కొత్తది సుమారు 3.17. ఏడాదికి 3,000 గంటల మీద తేడా దాదాపు 1,000 యూనిట్లు, అంటే 8,000 రూపాయలు. వైండింగ్ మానేసి కొత్తది కొనడానికి అదనంగా పెట్టిన 13,000 రూపాయలు 20 నెలల్లో తిరిగొస్తాయి. పాత మోటారు తాగే కరెంటు బిల్లు ఏడాదికి 84,000 రూపాయలు. అంటే కొత్త మోటారు ధర అది మూడు నెలలు తిరక్కముందే కరెంటు రూపంలో ఖర్చైపోతోంది. ఇక్కడ 5,000తో పని అయిపోయిందని సంతోషించడం నష్టానికి సంతోషించడమే.

అదే మోటారు లేత్ మీద ఉందనుకోండి. జాబ్ బిగించడం, కొలవడం, టూల్ మార్చడం పోగా స్పిండిల్ నిజంగా తిరిగేది రోజుకు రెండు గంటలు. అదీ సగం కంటే తక్కువ లోడు మీద. ఏడాదికి 600 గంటల్లో ఆదా అయ్యేది సుమారు 140 యూనిట్లు, అంటే 1,100 రూపాయలు. అదనపు 13,000 రావాలంటే 12 ఏళ్లు పడుతుంది. ఇక్కడ మంచి వైండింగే తెలివైన పని. దాంతోపాటు స్టాంపింగ్‌లు, షాఫ్ట్, కాస్టింగ్ బాడీ వృథా కావు. వాటిని కరిగించి మళ్లీ తయారు చేయడానికి కావలసిన ఇంధనమూ మిగులుతుంది.

"మంచి వైండింగ్" అంటే ఏమిటి?

వైండింగ్ చేయిస్తే దక్షత పడిపోతుందని చాలామంది నమ్మకం. అది తప్పనిసరి కాదు. అమెరికా, బ్రిటన్‌లకు చెందిన మోటారు మరమ్మతు సంఘాలు 2003లో ప్రచురించిన పరీక్షల్లో, పద్ధతి ప్రకారం వైండింగ్ చేసిన మోటార్ల దక్షత మొదటి స్థాయికి 0.2 శాతం అటూఇటూగానే నిలిచింది. దక్షతను పాడుచేసేది వైండింగ్ కాదు, తొందర.

పాత కాయిల్ సులువుగా ఊడి రావాలని స్టేటర్‌ను కట్టెల మంట మీదో, కిరోసిన్ పోసో కాల్చడం మన దగ్గర మామూలే. స్టేటర్ ఒకే ఇనుప దిమ్మ కాదు. పలుచని స్టీలు రేకులను ఒకదానికొకటి తగలకుండా పూత పూసి పేర్చిన దొంతర. మంట అదుపు తప్పితే ఆ పూత మాడిపోతుంది. అప్పుడు రేకుల మధ్య సుడి ప్రవాహాలు పెరిగి మోటారు ఖాళీగా తిరిగినా వేడెక్కుతుంది. అందుకే ఉష్ణోగ్రతను కొలిచే ఓవెన్‌లో, పూత రకాన్ని బట్టి 370 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ దాటకుండా కాల్చాలంటారు. రెండో తప్పు తీగది. స్లాటులో సులువుగా పడుతుందని ఒక గేజ్ సన్న తీగ వేసినా, చుట్ల సంఖ్య మార్చినా, రాగి బదులు అల్యూమినియం వేసినా నష్టం మోటారు బతికినన్నాళ్లూ బిల్లులో కనిపిస్తుంది.

యజమాని చేయగలిగినది ఒకటుంది. మోటారు ఇచ్చేటప్పుడే ఒక చీటీ అడగాలి. అందులో పాత తీగ గేజ్, చుట్లు, కొత్త తీగ గేజ్, చుట్లు, మూడు ఫేజుల రెసిస్టెన్స్, మెగ్గర్ రీడింగ్, ఖాళీగా తిప్పినప్పుడు మూడు ఫేజుల ఆంపియర్లు ఉండాలి. మంచి పనివాడికి ఇవి రాయడానికి ఐదు నిమిషాలు చాలు. వచ్చేసారి ఆ మోటారు చెడితే పోల్చుకోవడానికి ఆ చీటీయే ఆధారం.

కొత్తది కొనేటప్పుడు

కొత్త మోటారు కొనడమూ గుడ్డిగా చేసే పని కాదు. పాత హెచ్‌ఎంటీ, ప్రాగా యంత్రాల్లో, విదేశాల నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ యంత్రాల్లో ఫ్రేమ్ కొలత, షాఫ్ట్ మందం, ఫ్లాంజ్ రంధ్రాలు నేటి మోటార్లకు సరిపోకపోవచ్చు. రెండు వేగాల మోటారు ఉన్న యంత్రానికి ఒకే వేగం మోటారు పెడితే గేర్ల పట్టిక సగం పనికిరాదు. అలాంటి చోట గంటల లెక్క ఏం చెప్పినా పాతదాన్ని బాగు చేయించడమే దారి.

ఇంకో సంగతి. అధిక దక్షత మోటార్లు కొంచెం వేగంగా తిరుగుతాయి. నేరుగా బిగించిన బ్లోయర్‌కు 1430 చుట్ల మోటారు తీసి 1460 చుట్లది పెడితే, ఫ్యాన్ లాగే శక్తి వేగం ఘనానికి అనుగుణంగా పెరిగి సుమారు 6 శాతం ఎక్కువవుతుంది. పుల్లీ మార్చకపోతే, డాంపర్ సరిచూసుకోకపోతే వచ్చిన ఆదాలో చాలా భాగం అక్కడే పోతుంది.

విధానాలు చూడని షాపు

2017 నాటి నాణ్యతా నియంత్రణ ఉత్తర్వుతో కేంద్ర ప్రభుత్వం మూడు ఫేజుల కొత్త మోటార్లకు ఐఈ-2 స్థాయిని కనీస అర్హత చేసింది. ఈఈఎస్‌ఎల్ సంస్థ పాత మోటార్ల స్థానంలో ఐఈ-3 మోటార్లు పెట్టే జాతీయ కార్యక్రమం చేపట్టింది. ఇవి మంచి అడుగులే. ప్రపంచంలో వాడే విద్యుత్తులో 40 శాతానికి పైగా మోటార్ల వ్యవస్థలకే పోతుందని అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్క. అయితే మోటారు ఒకసారి అమ్ముడైన తర్వాత దాని జీవితమంతా వైండింగ్ షాపు చేతిలోనే ఉంటుంది. ఆ షాపుకు ఉష్ణోగ్రత చూపే ఓవెన్ లేదు, కోర్ నష్టాన్ని కొలిచే పరికరం లేదు, పని నాణ్యతకు గుర్తింపు లేదు. ఐఈ-3 మోటారు కూడా మొదటిసారి కాలగానే ఆ కట్టెల మంట దగ్గరికే వెళ్తుంది.

చేయగలిగినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. చిన్న పరిశ్రమల క్లస్టర్లకు ఉమ్మడి సౌకర్యాల కేంద్రాలు కట్టుకోవడానికి కేంద్ర పథకం ఇప్పటికే ఉంది. అలాంటి కేంద్రంలో ఒక నియంత్రిత ఓవెన్, ఒక కోర్ పరీక్ష పరికరం పెడితే చుట్టుపక్కల షాపులన్నీ అద్దెకు వాడుకోవచ్చు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థికి కాయిల్ చుట్టడంతో పాటు చుట్టాక కొలిచి రాయడం కూడా పరీక్షలో భాగం కావాలి. రాయితీ మీద కొత్త మోటారు ఇచ్చే ఏ పథకమైనా పాతదాన్ని తుక్కుగా మార్చినట్టు రుజువు అడగాలి. లేకపోతే అది పాత ఇనుము కొట్టు మీదుగా మరో షెడ్డులో రోజుకు 16 గంటలు తిరుగుతుంది. దేశం లెక్కలో పొదుపు అయినట్టు కనిపించే కరెంటు అక్కడ ఖర్చవుతుంది.

ఇదంతా వైండింగ్ మెకానిక్ పొట్ట కొట్టే మాట అని కొందరు అనవచ్చు. నాకు అలా అనిపించదు. ఎక్కువ గంటలు తిరిగే మోటార్లు ఎలాగూ క్రమంగా కొత్తవాటికి దారి ఇస్తాయి. తక్కువ గంటలు తిరిగే లేత్‌లు, షేపర్లు, డ్రిల్లింగ్ మిషన్లు, గ్రైండర్లు మన షెడ్డుల్లో చాలా ఉన్నాయి. వాటికి మంచి వైండింగ్ అవసరం ఇంకా చాలా ఏళ్లు ఉంటుంది. కొలిచి, రాసిచ్చే మెకానిక్ ఎక్కువ కూలీ అడిగినా యజమాని ఇవ్వాలి. ఆ కూలీ కరెంటు బిల్లులో మిగులుతుంది.

మీ షెడ్డులో ఉన్న మోటార్లన్నిటికీ ఒక పుస్తకం పెట్టండి. ఒక్కోదానికి ఒక పేజీ: నేమ్ ప్లేట్ వివరాలు, రోజుకు తిరిగే గంటలు, లోడు మీద ఆంపియర్లు, ఎప్పుడెప్పుడు వైండింగ్ చేయించారు. మోటారు కాలిన రోజు నిర్ణయానికి తీరిక ఉండదు. అది చక్కగా తిరుగుతున్న రోజునే ఈ లెక్క వేసి, ఆ పేజీ చివర "కాలితే వైండింగ్" అనో, "కాలితే కొత్తది" అనో రాసిపెట్టుకోండి.