యౌవనమంటే ప్రేమ ఒక్కటేనా?

మన సినిమావాళ్ళ లెక్క ప్రకారం తెలుగు కుర్రవాడు పెద్దవాడయేది ప్రేమలో పడిన రోజున. పిల్ల అవునంటే పాట వస్తుంది, కాదంటే గడ్డం పెరుగుతుంది. ఈలోగా వాడు ఏం తిని బతికాడో, వాడి ఫీజు ఎవరు కట్టారో చిత్రం చెప్పదు. ఎదిగే వయసును గురించి ఈ పదేళ్ళలో వచ్చిన చిత్రాలు చాలామటుకు ఈ లెక్కనే నమ్ముకున్నాయి. ఇది తప్పుడు లెక్క.

మా బాల్కొండ ప్రాంతంలో మగపిల్లవాడికి వయసు వచ్చిందనడానికి గుర్తు పాస్‌పోర్టు. పదో తరగతి గట్టెక్కనివాడు గల్ఫులో కూలికి పోవాలంటే సర్కారు అనుమతి వేరే కావాలి. బళ్ళో తప్పిన పరీక్ష వాణ్ణి విమానం దాకా వెంటాడుతుంది. ఆడపిల్లకు గుర్తు బీడీల చాట. కూలి వెయ్యి బీడీలకింత అని కడతారు. బడినుంచి వచ్చి, తల్లి పక్కన కూచుని, ఆ వెయ్యి నిండటానికి చేయి వేసిననాడే ఆ పిల్ల పెద్దదవుతుంది.

శేఖర్ కమ్ముల "ఫిదా" (2017) ఈ సీమకే వచ్చింది. బాన్సువాడ భానుమతి తన యాసలోనే మాట్లాడి, పెళ్ళికోసం ఊరెందుకు విడవాలని నిలదీసింది. ఈ యాసను హాస్యగాళ్ళకూ రౌడీలకూ వదిలేసిన పరిశ్రమలో ఇది చిన్న విషయం కాదు. కాని ఆ చిత్రంలో పరదేశమంటే అమెరికా! ఊరు విడవటమా మానటమా అన్నది అక్కడ మనసుకు సంబంధించిన ప్రశ్న. పొరుగునున్న బోధన్‌లో అది కడుపుకు సంబంధించినది. నిజాం చక్కెర కర్మాగారంలో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు కంపెనీ పరమైంది. 2015లో ఫ్యాక్టరీ మూతపడింది. కెమెరాకు పచ్చని పొలాలు కనిపించాయి, ఆ మూతపడ్డ గేటు కనిపించలేదు.

"బేబీ" (2023) మరీ అన్యాయం. బస్తీపిల్ల ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళింది, చెడింది; ఆటో నడుపుకునే కుర్రవాడు దేవదాసు అయాడు. హాలులో ఈలలు వేసిన కుర్రవాళ్ళు చెల్లెళ్ళ చదువును గురించి ఏమనుకుంటూ ఇళ్ళకు వెళ్ళి ఉంటారు? వాళ్ళకు కోపం ఉంది, పని లేదు. ఆ కోపాన్ని పని చూపని వ్యవస్థ మీదికి పోనివ్వక ఆడపిల్ల మీదికి మళ్ళించటం పెట్టుబడికి అన్ని విధాలా క్షేమం.

"జనం బాధలు మరవటానికి సినిమాకు వస్తారు, వాస్తవం చూపిస్తే చూడరు" అనే వాదం ఒకటుంది. మరి "మల్లేశం" (2019) చూడండి. బడి మాని మగ్గమెక్కిన కుర్రవాడు, ఆసు పోసి పోసి తల్లి భుజం పడిపోతుంటే చూడలేక యంత్రం తయారుచేశాడు. అందులో ప్రేమా ఉంది, నవ్వూ ఉంది. సత్యజిత్ రాయ్ "అపరాజితో" (1956)లో అపూ ప్రెస్సులో పనిచేస్తూ కలకత్తాలో చదువుకుంటాడు. ఊళ్ళో తల్లి ఎదురుచూసి చూసి కన్నుమూస్తుంది. కొడుకు ఎదుగుదలకు ఖరీదు ఎవరు చెల్లించారో రాయ్ దాచలేదు.

ప్రేమ వద్దని ఎవరూ అనటం లేదు. ప్రేమించటానికైనా ఒక పని, ఒక గూడు, కాస్త తీరిక ఉండాలి. అవి ఎందుకు లేవో అడగని యౌవన చిత్రం సగం అబద్ధం. అధ్యాపక మిత్రులు క్లాసులో సినిమా మాట రాగానే కసురుకోవటం మాని, ఈ ప్రశ్న పిల్లల ముందుంచాలి. జవాబు చెప్పగలవాళ్ళు ఆ బెంచీల మీదే ఉన్నారు.