డైపర్ టేబుల్ దగ్గర తెలుగు ఎందుకు వద్దు?

నేను టెక్సాస్‌లో ఒక డేకేర్‌లో, టాడ్లర్ రూమ్‌లో పని చేస్తాను. మా రూమ్‌లో తెలుగు ఇళ్ళ పిల్లలు ముగ్గురు ఉన్నారు. వాళ్ళతో ఇంగ్లీషే మాట్లాడమని సెంటర్‌లో చెప్పారు. ఒక పాప వాళ్ళ అమ్మగారు కూడా అదే అడిగారు: "ఇంట్లో ఎలాగూ తెలుగే కదండీ, ఇక్కడైనా ఇంగ్లీష్ అలవాటు కానివ్వండి." ఆవిడ భయం నాకు అర్థమవుతుంది. కానీ ఈ రూల్ తప్పు. గట్టిగానే చెప్తున్నాను.

టెక్సాస్‌లో 18 నుంచి 23 నెలల పిల్లలు 9 మందికి ఒక టీచర్ ఉంటే చాలు. అంత మందిలో ఒక్క పిల్లతోనే ఉండే టైమ్ నాకు ఎప్పుడు దొరుకుతుంది? డైపర్ మార్చేటప్పుడే. రోజుకు నాలుగైదు సార్లు ఆ పిల్ల పడుకుని నా మొహమే చూస్తుంది.

ఎమ్మీ పిక్లర్ అనే డాక్టరు 1946లో బుడాపెస్ట్‌లో ఒక శిశుగృహం మొదలుపెట్టారు. అక్కడ డైపర్ మార్చేటప్పుడు తొందరపడకూడదు. ఏం చేస్తున్నామో పిల్లకి ముందే చెప్పాలి. మరి చెప్పింది పిల్లకి అర్థం కావాలి కదా! ఇంట్లో "కాళ్ళు ఎత్తమ్మా" అని వినే పిల్లకి నేనూ అలాగే చెప్తే తనే కాళ్ళు ఎత్తుతుంది.

ఏడుపు సంగతి ఇంకా ముఖ్యం. అమ్మ కోసం ఏడ్చే పిల్లకి అప్పుడు కావాల్సింది ఇంగ్లీష్ పాఠం కాదు. వీపు తడుతూ "ఊరుకో నాన్నా, అమ్మ వచ్చేస్తుంది" అనే తెలిసిన మాట కావాలి.

"మరి ఇంగ్లీష్ ఎలా వస్తుంది?" అంటారు. పాటలు, పుస్తకాలు, ఆటలు, స్నేహితులు, రోజంతా ఇంగ్లీషే. అమెరికా ప్రభుత్వం నడిపే హెడ్ స్టార్ట్‌కి 2016 నుంచి ఒక రూల్ ఉంది: ఇంటి భాష వచ్చిన టీచర్ ఉంటే, చిన్నపిల్లలకి ఆ భాష పెరిగేలా చూడాలి, ఇంగ్లీష్ కూడా వినిపించాలి. రెండూ కలిసి ఉండొచ్చు. మా సెంటర్ హెడ్ స్టార్ట్ కాదు. అయినా మంచి పద్ధతి ఎవరిదైనా తీసుకోవచ్చు.

మనలాగా తెలుగు నేర్చుకునేవాళ్ళకి ఒక మాట. పుస్తకాల్లో రంగులు, వారాల పేర్లు ముందు వస్తాయి. మీరు "ఉచ్చ పోశావా? తడిసిందా? అయిపోయింది, ఊరుకో" ముందు నేర్చుకోండి. మీ పిల్లల టీచర్‌కి తెలుగు రాకపోతే, ఈ నాలుగు మాటలు ఇంగ్లీష్ అక్షరాల్లో రాసి ఇవ్వండి. వద్దంటే ఎందుకు వద్దో అడగండి.