స్టాప్‌వాచ్ పట్టిన హైదరాబాదీ

మలేసియాలో 800 మీటర్ల పరుగు అంటే బి.రాజ్‌కుమార్. 1985లో జకార్తాలో ఆసియా స్వర్ణం కొట్టాడు. ఆనాటి 1:47.37 టైము ఆ దేశంలో మూడు దశాబ్దాలు దాటినా చెక్కుచెదరలేదు.

అంతకుముందు ఇదే పరుగులో ఆసియాను ఏలినవాళ్ల వెనక మన హైదరాబాద్ మనిషి ఉన్నాడు. పేరు ఇలియాస్ బాబర్. మనలో ఎంతమంది విన్నాం?

తనూ ఒకప్పుడు పరుగెత్తినవాడే. తర్వాత కోచ్ అయ్యాడు. శిష్యుడు శ్రీరామ్ సింగ్ 1974, 1978 ఆసియా క్రీడల్లో 800 మీటర్ల స్వర్ణాలు తెచ్చాడు. 1982లో ఢిల్లీలో మరో శిష్యుడు చార్లెస్ బొరోమియో గెలిచాడు.

కానీ మాకు నచ్చేది పతకం రాని పరుగు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ ఫైనల్. తొలి రౌండులో శ్రీరామ్ వెనక్కి తగ్గలేదు, ముందుండి వేగం పెంచాడు. ఆ ఊపులో క్యూబా వీరుడు హ్వాంటొరేనా 1:43.50తో ప్రపంచ రికార్డు కొట్టాడు. మనవాడు ఏడోవాడు. ఏడోవాడే, కానీ ఆ 1:45.77ను ఇంకో భారతీయుడు దాటడానికి 2018 దాకా, అంటే 42 ఏళ్లు పట్టింది! దీన్ని ఓటమి అంటే మేం ఒప్పుకోం.

గురువుకు ద్రోణాచార్య అవార్డు వచ్చింది 1994లో. మాంట్రియల్ అయిన పద్దెనిమిదేళ్లకు.

మీ ఫ్యాక్టరీలోనూ ఇంతే కదా. కొత్తగా దిగిన రోజు మిషను పట్టుకోవడం నేర్పిన అన్న పేరు ఏ కాగితంలోనూ ఉండదు. ఈసారి ఉగాదికి మనవాళ్లు ఆటల పోటీలు పెడితే, కప్పు ఇచ్చేటప్పుడు గెలిచిన పిల్లాడితో పాటు షిఫ్టు దిగొచ్చి వాడికి పరుగు నేర్పినాయన్ని కూడా స్టేజీ మీదకు పిలవండి.