దెయ్యాలు కలలోంచి ఊడిపడవు

దెయ్యాల కథలు రాసేవాడు ఏ సభలోనైనా దొరికితే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "మీకు రాత్రిళ్లు నిద్ర పడుతుందా అండీ?" రెండోది, "ఇవన్నీ మీకు కలలో వస్తాయా?" సామాజిక నవల రాసినవాణ్ని మీదే ఊరు, ఏం ఉద్యోగం, ఎవర్ని చూసి రాశారు అని అడుగుతాం. భయానక కథ రాసినవాణ్ని మాత్రం వైద్యుడు రోగిని అడిగినట్టు అడుగుతాం.

ఈ ప్రశ్నల వెనక గట్టి నమ్మకం ఒకటుంది. భయానక కథ బతుకులోంచి రాదు, రాసేవాడి బుర్రలో ఏదో చీకటి మూలనుంచి తన్నుకొస్తుంది అని. చదివినవాళ్లూ, చదవనివాళ్లూ ఇదే మాట. సాక్ష్యం ఏదంటే మూడు పేర్లు వల్లిస్తారు. మేరీ షెల్లీకి కలలాంటిది వచ్చింది, 'ఫ్రాంకెన్‌స్టైన్' పుట్టింది. స్టీవెన్‌సన్‌కు కల వచ్చింది, 'జెకిల్ అండ్ హైడ్' పుట్టింది. బ్రామ్ స్టోకర్ ఒక రాత్రి పీతలు దండిగా తిని పడుకున్నాడు, 'డ్రాక్యులా' పుట్టింది.

వాళ్లు పిలిచిన ఈ సాక్షులనే బోనెక్కిద్దాం.

స్టీవెన్‌సన్ కల సంగతి దాచలేదు. 1888లో కలల మీద ఏకంగా వ్యాసమే రాశాడు. కానీ అందులో కలకు ఆయన రాసిచ్చిన వాటా చిన్నది: కిటికీ దగ్గరి ఘట్టం, హైడ్ పొడిమందు మింగి మారిపోయే ఘట్టం. తక్కినదంతా మెలకువలో చేసిన పనేనని ఆయనే చెప్పుకున్నాడు. ఆ కల కన్న మనిషి చిన్నప్పుడు ఏ గదిలో పడుకున్నాడో చూడండి. ఎడిన్‌బరోలోని ఆ గదిలో ఒక చెక్క బీరువా ఉండేది. దాన్ని చేసినవాడు విలియం బ్రోడీ. పద్దెనిమిదో శతాబ్దంలో ఆ ఊళ్లో పేరున్న వడ్రంగి, తన వృత్తిసంఘానికి పెద్ద, నగర మండలి సభ్యుడు కూడా. పగలు పెద్దవాళ్ల ఇళ్లలో తలుపులు, తాళాలు బాగుచేసేవాడు. అదను చూసి తాళంచెవిని మైనంలో నొక్కి అచ్చు తీసుకునేవాడు. రాత్రి అవే ఇళ్లలో దొంగతనానికి దిగేవాడు. 1788లో ఉరి తీశారు.

ఎప్పుడూ జబ్బుతో మంచం పట్టే పిల్లాడి ఎదురుగా ఆ బీరువా నిలబడి ఉంది. పెద్దయ్యాక స్టీవెన్‌సన్ మిత్రుడు హెన్లీతో కలిసి బ్రోడీ మీద నాటకం రాశాడు. ఆ తర్వాత, 1886లో, పగలు పెద్దమనిషిగా, రాత్రి మృగంగా బతికే డాక్టర్ కథ వచ్చింది. అన్నేళ్లు కాగి చల్లారిన పాలలో ఆ కల ఒక చుక్క తోడు. తోడు వేయందే పెరుగు కాదు, ఒప్పుకుంటాను. పాలు లేని గిన్నెలో తోడు వేసి, పొద్దున్నే మూత తీసి చూస్తే ఏముంటుంది?

ఇక మేరీ షెల్లీ. 1816లో జెనీవా సరస్సు ఒడ్డున, నిద్రకూ మెలకువకూ మధ్య తనకా దృశ్యం కనిపించిందని ఆమె రాసింది 1831లో. నవల వచ్చి అప్పటికి పదమూడేళ్లు. కొత్త ముద్రణకు ముందుమాటగా కథ ఎలా పుట్టిందో చెప్పమని ప్రచురణకర్తలు అడిగారు, చెప్పింది. ఎవరూ అడక్కుండా రాసుకున్న మాట వేరే ఉంది, ఆమె డైరీలో. 1815లో, పదిహేడేళ్ల వయసులో, ఆమెకు నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది. కొద్ది రోజులకే పోయింది. ఆ మార్చి నెలలోనే ఆమె రాసుకున్న కల ఇది: పాప చనిపోలేదు, ఒళ్లు చల్లబడిందంతే, నిప్పు దగ్గర పెట్టి రుద్దితే లేచింది. మెలకువ వచ్చి చూస్తే పాప లేదు.

"చూశారా, ఇదీ కలే కదా!" అంటారు. అవును, కలే. ఆ కల ఎక్కడినుంచి వచ్చింది? ఏ చీకటి మూలనుంచీ రాలేదు, ఖాళీ అయిన ఉయ్యాలలోంచి వచ్చింది. చచ్చిన శరీరంలోకి ప్రాణం తెచ్చే పిచ్చి శాస్త్రవేత్త కథ అంటూ మనం చెప్పుకునేదాని అడుగున బిడ్డ పోయిన తల్లి ఉంది. కల కల అని జపం చేసేవాళ్లు ముందుగా చెరిపేసేది ఆమెనే.

మూడో సాక్షి స్టోకర్ అయితే పూర్తిగా అడ్డం తిరుగుతాడు. ఆయన ఐర్లండ్‌లో ప్రభుత్వ గుమస్తా. అచ్చయిన మొదటి పుస్తకం కోర్టు గుమస్తాల విధుల మీద. తర్వాత లండన్‌లో లైసియం థియేటర్ మేనేజర్, అంటే జమాఖర్చులు చూసే మనిషి. 'డ్రాక్యులా'కు ఏడేళ్లు నోట్స్ రాసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పటికీ ఫిలడెల్ఫియాలో రోజెన్‌బాక్ మ్యూజియంలో ఉన్నాయి. 1890 వేసవిలో విట్బీ అనే రేవు ఊరికి సెలవులకు వెళ్లి, అక్కడి గ్రంథాలయంలో వలేకియా దేశం గురించిన పాత పుస్తకం తిరగేశాడు. డ్రాక్యులా అన్న పేరు దొరికింది అందులోనే. అంతకుముందు తన కౌంట్‌కు పెట్టుకున్న పేరు వాంపైర్. సమాధి రాళ్ల మీది పేర్లు ఎక్కించుకున్నాడు. 1885లో అక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చిన దిమిత్రీ అనే రష్యా ఓడ వివరాలు రాసుకున్నాడు. నవలలో ఆ ఓడ డెమీటర్ అయింది. అసలు ఓడ బయల్దేరింది నార్వానుంచి, నవలలో ఓడ బయల్దేరేది వార్నానుంచి. అక్షరాలు అటూ ఇటూ మార్చాడంతే. ఓడ అడుగున బరువుకోసం పోసిన తెల్ల ఇసుకను కూడా వదల్లేదు. పీతలు తిని పడుకున్న మనిషికి ఓడ సరుకు వివరాలతో సహా కల వస్తుందా?

మరి ఇంత బలహీనమైన సిద్ధాంతం ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? మనకు హాయిగా ఉంటుంది కాబట్టి. కల రచయితది అయితే భయమూ రచయితదే, మనకేం సంబంధం? బ్రోడీలాంటి పెద్దమనుషులు మన సంఘంలో లేరు. బిడ్డ పోయిన పదిహేడేళ్ల పిల్ల మన వీధిలో లేదు. పుస్తకం మూసి లైటార్పి పడుకోవచ్చు. పీడకల సిద్ధాంతం రచయితను పొగుడుతున్నట్టు కనిపిస్తుంది గానీ, నిజానికి పాఠకుణ్ని నిర్దోషిగా విడిచిపెడుతుంది.

ఈ కాలం రచయితల్ని చూసినా ఇదే వరస. స్టీఫెన్ కింగ్ 'పెట్ సెమెటరీ' వెనక 1970ల చివర మెయిన్ రాష్ట్రంలో ఆయన అద్దెకున్న ఇల్లు ఉంది. ఇంటి ముందు లారీలు దూసుకుపోయే రోడ్డు, ఆ రోడ్డు మీద కూతురి పిల్లి చావు, వెనక అడవిలో పిల్లలు పెంపుడు జంతువులకు కట్టిన సమాధులు. నగర వీధుల్లో మాయను నడిపించే అర్బన్ ఫాంటసీకి వస్తే, 'రివర్స్ ఆఫ్ లండన్' రాసిన బెన్ ఆరొనోవిచ్ అప్పట్లో కోవెంట్ గార్డెన్‌లో పుస్తకాల షాపు ఉద్యోగి. 2011లో వచ్చిన ఆ నవల కోవెంట్ గార్డెన్‌లోనే మొదలవుతుంది. ఆ కథల్లో మనుషుల్లా తిరిగే ఫ్లీట్, టైబర్న్ దేవతలు లండన్ రోడ్ల కింద కాలువల్లో కప్పబడిపోయిన అసలు నదులు. అక్కడ ప్రేరణ పీడకల కాదు, మున్సిపాలిటీ చేసిన పని.

మనకూ ఈ రహస్యం తెలియనిది కాదు. ఒకప్పుడు మన ఊళ్లలో తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు. ఆ మాట ఏ మంత్రశాస్త్రంలోదీ కాదు. కిరాణా కొట్టులో "అప్పు రేపు" అన్న బోర్డుకు తోబుట్టువు. అప్పులవాణ్ని ఎలా తిప్పి పంపుతామో దెయ్యాన్నీ అలాగే తిప్పి పంపారు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెన్సీ చదివారు, ఆంధ్రా బ్యాంకులో పనిచేశారు. ఆయన నవల 'తులసిదళం'లో చిన్నపిల్ల మీద ప్రయోగం జరిగేది దెయ్యానికి ఆకలేసి కాదు, ఆ పిల్ల పేర డబ్బు ఉంది కాబట్టి. ఆ నవల తర్వాత రాసిన చాలామంది అందులోంచి పుర్రెలూ నిమ్మకాయలూ తెచ్చుకున్నారు, లెక్కల పుస్తకాన్ని అక్కడే వదిలేశారు. అందుకే మన భయానక కథ ఇప్పటికీ పాడుబడ్డ బంగ్లా, అమావాస్య, కిర్రుమనే తలుపు దాటి రావడం లేదు. బంగ్లాలో ఎన్నడూ ఉండనివాడు బంగ్లా గురించి రాస్తే, ఎన్నడూ ఉండనివాడు చదివి భయపడాలి!

హైదరాబాద్ నడిబొడ్డున ఏం తక్కువైంది? చింతచెట్టు అంటే దెయ్యాల కాపురం అని మన పెద్దల మాట. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 మూసీ వరదలో 150 మందికి పైగా దాన్ని ఎక్కి బతికారు. కింద కొట్టుకుపోతున్నవాళ్లను ఆ కొమ్మల మీదినుంచి వాళ్లు చూసి ఉంటారు. ఆ రాత్రి కథ రాయడానికి ఏ కల రావాలి?

అక్కడికి కొద్ది దూరంలోనే మాసాబ్ ట్యాంక్. మా సాహెబా చెరువు జనం నోళ్లలో నలిగి అలా అయింది. ఇప్పుడక్కడ ఫ్లైఓవర్ ఉంది, పార్కు ఉంది, చెరువు లేదు. అయినా సిటీ బస్సు కండక్టర్ ఫుట్‌బోర్డు మీద నిలబడి, లేని చెరువును రోజూ పేరుపెట్టి పిలుస్తూనే ఉంటాడు. ఏదో ఒక రోజు అది పలికితే?